తోడల్లుడికి చెప్పిన ఏసీ ధర

మా వైపు ఎవరైనా కొత్త వస్తువు కొంటే, బాగుందని చెప్పడానికి ముందే ఎంతయ్యిందని అడుగుతారు. అడగకపోతే కొన్నవాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. చీరైనా, గేదైనా, చెవిదిద్దులైనా ఇదే మర్యాద. మావారు మాత్రం ఈ మర్యాదకి చిన్న సవరణ చేసుకున్నారు. ఊళ్ళోవాళ్ళకి అసలు ధర చెబుతారు, నాకు అందులో సగం చెబుతారు.

కిందటి వేసవిలో ఆయన బందరు వెళ్ళి ఏసీ కొనుక్కొచ్చారు. దివిసీమలో మాది పెంకుటిల్లు. వెనక వంటింటికి మాత్రం సిమెంటు రేకులు. ఎండాకాలం పొద్దెక్కాక ఆ రేకుల కింద నిలబడితే పొయ్యి మీద కూరతో పాటు మనమూ ఉడుకుతాం. రేకులు తీయించి పెంకు నేయించమనీ, తూర్పు గోడకి కిటికీ, ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించమనీ ఏటా అడుగుతూనే ఉన్నాను. మేస్త్రి ఎంత చెప్పాడో కూడా చెబుతూనే ఉన్నాను. "డబ్బులెక్కడున్నాయే" అనేవారు పేపరు తిప్పుతూ. ఆ మనిషే పడగ్గదికి ఏసీ తెస్తే నాకు ఒళ్ళు మండదూ?

"అంతా కలిపి ఎంతవుతుందండీ?" అన్నాను.

"యాభై వేలు. బిగింపుతో సహా," అన్నారు గోడకేసి చూస్తూ.

బిగించడానికొచ్చిన మెకానిక్ తల పైకెత్తి, "ఇలాగైతే చల్లదనమంతా పెంకుల సందుల్లోంచి పైకి పోద్దండీ. సీలింగ్ కొట్టించాలి," అన్నాడు. కొట్టించారు. పాత వైరు ఈ లోడు మొయ్యదంటే మీటరు దగ్గర్నుంచి కొత్త వైరు లాగించారు. సాయంత్రమయ్యేసరికి మా ఊరి కరెంటు నీరసపడిపోతుంది కాబట్టి స్టెబిలైజరొచ్చింది. ఎర్తింగ్ కోసం పెరట్లో గొయ్యి తవ్వి ఉప్పూ బొగ్గూ పోశారు. బయట పెట్టే పెట్టె ఉప్పుగాలికి తుప్పు పడుతుందని పూత పూయించి, ఎండ తగలకుండా పైన నీడ కూడా వేయించారు. వంటింట్లో నాకు లేని నీడ దానికి దొరికింది. ప్రతిసారీ "ఇదీ ఆ యాభైలోనేనా?" అనడిగితే "ఆఁ, అందులోదే" అనేవారు. ఆ యాభై వేలు ఎంత తోడినా అడుగంటలేదు.

అసలు సంగతి పక్కింటి పిన్నిగారు తెచ్చారు. పనివాళ్ళు గేటు దాటుతుంటే ఆవిడ ఒక్కొక్కరినీ ఆపి మర్యాదగా అడిగేశారు. "అమ్మాయ్, తొంభై దాటిందంటగా!" అన్నారు గోడ మీద నుంచి.

నేను దెబ్బలాడలేదు. దెబ్బలాడితే ఆయన ఏసీ వేసుకుని ముసుగు తన్నేస్తారు, నేను మళ్ళీ రేకుల కిందికే వెళ్ళాలి. అందుకని ఆయన పక్కనే కూర్చుని, గుడివాడలో ఉన్న మా అక్కకి స్పీకర్ పెట్టి ఫోన్ చేశాను.

"అక్కా, మావారు యాభైకే అన్నీ చేయించేశారే. సీలింగూ, వైరూ అన్నీ కలిపి. మీదీ పెంకుటిల్లేగా, బావగారితో చెప్పు."

బావగారు ఫోన్ అందుకున్నారు. చవగ్గా బేరమాడటంలో తన తర్వాతే ఎవరైనా అని పెళ్ళైన నాటి నుంచీ మావారి ముందు మీసం తిప్పే తోడల్లుడాయన. "నిజమేనా తమ్ముడూ?" అన్నారు నమ్మలేనట్టు.

మావారికి పౌరుషం పొడుచుకొచ్చింది. "నేను చెబితే ఎప్పుడైనా అదే రేటన్నయ్యగారూ! మీరు రండి, దగ్గరుండి పెట్టిస్తాను," అనేశారు. అన్నాక నా మొహం చూశారు. నేను గోరుచిక్కుళ్ళు తుంచుకుంటున్నాను.

ఆదివారం బావగారు లక్ష రూపాయలు సంచీలో పెట్టుకుని దిగారు. రెండు గదులకట. మావారు ఆయన్ని ఏసీ గదిలో కూర్చోబెట్టి, పిల్లిలా వంటింట్లోకొచ్చారు.

"ఇదిగో, ఒక్కసారి ఇలా రావే."

"పొయ్యి మీద చేపల పులుసుందండీ. ఇక్కడే చెప్పండి. చెబుతూ ఆ గిన్నె కాస్త తిప్పండి, గరిటె పెడితే ముక్క చిదిరిపోతుంది."

మసిగుడ్డతో గిన్నె పట్టుకుని తిప్పారు. ఆవిరి మొహానికి కొట్టింది. పైన రేకులు మండిపోతున్నాయి. చూస్తుండగానే ఇస్త్రీ చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

"తొంభై రెండయ్యిందే," అన్నారు నీరసంగా.

"తెలుసు. పిన్నిగారు అడిగారు."

"మరి ఆ ఫోనెందుకు చేశావే?"

"మీరొచ్చి ఇక్కడ నిలబడతారని."

ఆయన చెమట కళ్ళలోకి కారుతుంటే భుజంతో తుడుచుకుంటూ పైకి, రేకులకేసి చూశారు. నిజం చెప్పొద్దూ, నాకు జాలేసింది. అయినా పులుసు దగ్గరపడేదాకా కదలనివ్వలేదు.

విస్తళ్ళు వేశాక బావగారు సంచీ వైపు చెయ్యి చాపారు. మావారు మంచినీళ్ళ గ్లాసులో మొహం దాచుకున్నారు. ఇక నేనే అందుకున్నాను.

"ఆ డబ్బు మీ దగ్గరే ఉంచండి బావగారూ. ఈయన ఈ వారంలోనే నా వంటిల్లు నేయిస్తున్నారు. ఆ పని వదిలి బందరు తిరిగే తీరిక లేదు. మీ సంగతి వచ్చే ఏడు చూద్దాం."

మావారికి పొలమారినంత పనయ్యింది. కాదనడానికి లేదు. కాదంటే తొంభై రెండు బయటపడుతుంది.

బావగారు మాత్రం మా వైపు మర్యాద మర్చిపోయే మనిషి కాదు. "వంటింటికి ఎంతవుతుందోయ్?" అన్నారు ముద్ద కలుపుతూ.

సగం చెబుతారో, పావు చెబుతారో అని గరిటె పట్టుకుని నిలబడ్డాను.

"నలభై ఎనిమిది వేలన్నయ్యగారూ," అన్నారు మావారు తలెత్తకుండా. "పెంకు నేత, తూర్పు గోడకి కిటికీ, ఎగ్జాస్ట్ ఫ్యాను. కిందటేడు మేస్త్రి చెప్పిన లెక్క."

అది నేను చెప్పిన అంకే. నేను చెప్పిన వరసే. ఇన్నేళ్ళూ ఈయన పేపరు చదువుతున్నారనుకున్నాను.