మెత్తటి గొంతు జడ్జిగారు

చిత్తూరు కోర్టులో నేను టైపిస్టుగా ఉన్నప్పుడు ఒక జడ్జిగారుండేవారు. గొంతు పెంచి ఎరగరు. బోనెక్కిన ప్రతి ఆడమనిషినీ "తల్లీ" అని పిలిచి నీళ్లు ఇప్పించేవారు. వకీళ్లంతా ఆయన్ను దేవుడిలాంటి మనిషి అనేవారు.

సాక్షి చెప్పింది విని ఆయన తన మాటల్లో చెబితే, నేను టైపు చేయాలి. లాడ్జీలో సెల్‌ఫోను కాజేసిన కూలీ "తీసినాను సార్" అంటే, "నేర స్వభావంతో దొంగిలించాడు" అని చెప్పేవారు.

ఒకరోజు చంద్రగిరి వైపు నుంచి ఒకామె వచ్చింది. భర్త మీద కేసు.

"చెంబుతో మూతి మీద కొట్టినాడు సార్" అంది.

ఆయన నా వైపు తిరిగి, అదే మెత్తటి గొంతుతో "భర్త మందలించాడు" అన్నారు. టైపు చేశాను.

చదివి వినిపిస్తే ఆమె సంతకం పెట్టలేదు.

"నేను సెప్పింది ఇది కాదు సార్. సిన్నప్పుడు మా నాయన గూడా మందలించినాడు. అప్పుడు పండ్లు ఊడలేదే" అంటూ నోరు తెరిచి చూపింది. ముందు పండ్లు రెండు లేవు.

జడ్జిగారు కళ్లజోడు సర్దుకుని ఆమె నోటి వైపు చూశారు. "మందలించాడు" అన్న మాట మారుస్తారనుకున్నాను.

"సాక్షి కోర్టులో అమర్యాదగా ప్రవర్తించింది. టైపు చేయండి" అన్నారు నాతో.

తర్వాత ఆమె వైపు తిరిగారు.

"నీళ్లు తాగి సంతకం పెట్టు తల్లీ."