బాగ్‌బేరా చర్చిలో ఒక ప్రార్థన మనవి

సోషల్ వర్క్ చదివేవాళ్లు వారం రోజులు ఏదైనా సంఘంలో పనిచేయాలి. మా మేడమ్ నన్ను జంషెడ్‌పూర్ బాగ్‌బేరాలోని తెలుగు చర్చికి పంపారు.

మంగళవారం సాయంత్రం నాలుగింటికి విజయనగరంలో మెయిలెక్కి, తెల్లారి ఖరగ్‌పూర్‌లో దిగాను. అక్కడ పూరీ తినొచ్చు, టీ వద్దు. ఏడింటి ప్యాసింజర్‌లో పక్కనున్న ముసలావిడ, "ఒక్కదానివే వత్తన్నావా? ఏటి పని?" అంది. చర్చి పనన్నాను. "పాటలు పాడతావేటి?" పాడనన్నాను. "మరెందుకు?" అంది. నేను కిటికీలోంచి చూశాను.

పదిన్నరకు టాటానగర్. బాగ్‌బేరాకి రిక్షా రెండు రూపాయలు. బస పాస్టరమ్మ గారింట్లో.

గురువారం రైల్వే క్వార్టర్స్‌లో మరియమ్మ ఇంటికి వెళ్లాను. ఆమె భర్త దానయ్య యార్డులో పాయింట్స్‌మన్, బండ్లకు పట్టాలు మార్చే పని. ఆమె గొంతు తగ్గించి చెప్పింది: "ఆయనకి సిగ్నల్ దీపాలు మసగ్గా అవుపిత్తన్నాయి. మంగళవారం కంటి పరీక్ష. మా పాప ఆ పరీక్ష బోర్డు మీద అక్షరాలన్నీ ఆయనచేత బట్టీ పట్టించేత్తంది. ఎవరికీ సెప్పకమ్మా, ఉద్యోగం పోద్ది."

లోపల్నుంచి కూతురు, "మమ్మీ, చుప్!" అంది.

దానయ్య ఏ బండిని ఏ లైనులోకి పంపిస్తాడో అని భయమేసింది. అయినా చెప్పనన్నాను.

శనివారం సాయంత్రం పాస్టరమ్మ గారు వంకాయలు తరుగుతూ, "ప్రార్థన మనవులేమైనా ఉన్నాయా?" అన్నారు. చర్చి ఇంట్లో ఉండి లేవనడం మర్యాద కాదు. పేరు చెప్పకుండా, "ఒక సోదరుడి కళ్ల కోసం" అన్నాను. "ఎప్పటికి బాగవాలి?" అన్నారు. "మంగళవారానికి" అన్నాను.

ఆదివారం పాస్టరు గారు 'మంగళవారానికి' అన్నమాటతో సహా అలాగే ప్రార్థించారు. ముందు వరసలో సంఘపెద్ద జోసెఫ్ గారున్నారు. ఆయన యార్డులో ఫోర్‌మన్. మంగళవారం కంటి పరీక్షకు వెళ్లేవాళ్ల జాబితా రాసింది ఆయనే. అందులో ఈ సంఘస్తుడు ఒక్కడే. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను.

బయట జోసెఫ్ గారు దానయ్య భుజమ్మీద చెయ్యేశారు. "ఏటి దానయ్యా, ప్రభువుకి సెప్పినోడివి నాకు సెప్పలేవా?"

సోమవారం ఆయనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. కంట్లో పొర అన్నారు. దానయ్యకి స్టోర్లో పని వేయించారు. ఇంటికి సంఘం ఆడవాళ్లు నాలుగు క్యారియర్లు తెచ్చారు. అందరూ కళ్ల గురించే మాట్లాడారు.

బయల్దేరే ముందు మరియమ్మ దగ్గరికెళ్లి, "ఉద్యోగం నిలబడింది కదా" అన్నాను.

"నిలబడింది. నీకు మాత్రం ఇంకేటీ సెప్పను," అని దారికి పులిహోర కట్టిచ్చింది.

బుధవారం ప్యాసింజర్‌లో అది తింటూ రిపోర్టు మొదలుపెట్టాను. బాగ్‌బేరా సంఘంలో సాయానికి కొదవ లేదు, అడక్కుండానే ఇంటికొస్తుంది. గుట్టుగా చెప్పుకోవడానికే ఎవరూ దొరకరు. మరియమ్మకి గురువారం నుంచి శనివారం దాకా ఒకరు దొరికారు.