కొండగట్టు మీదుగా నేపాళం

తలపెట్టిన యాత్రలన్నింటికి ముందు నడచు గణనాథునికి నమస్కరించి వ్రాయుచున్నాను. వికారి నామ సంవత్సర కార్తీక శుద్ధ దశమి నాడు మా మేనత్త నేపాళ యాత్రకు పుస్తకము ఎంచుకొనిన తీరు ఇది.

కొత్తది ఏది వచ్చినను ఆమెది ఒకటే మాట: “ముందుగాల మనకెరికైనదే అడుగు.” ఊరికి కొత్త వైద్యుడు వచ్చినపుడు, తనకు మందు తెలిసిన దగ్గునే చెప్పి అతనిని పరీక్షించినది. మోకాళ్ళు పూర్తిగా పట్టుకొనక ముందే పశుపతినాథుని చూడవలెనని ఆమె కోరిక. మామయ్యకు ప్రయాణమనగనే భయము. మన ప్రాంతపు గుళ్ళు మొదలు నేపాళము వరకు గల రెండు యాత్రాదర్శినులను నేను కరీంనగరులో కొని తెచ్చితిని. ఆమె నేపాళము ఊసే ఎత్తక, ఏటేట తాను మెట్లెక్కి పోవు అంజన్న గుడినే అడిగినది.

“కొండగట్టు తీసి సదువు బిడ్డా.”

మెరుగు అట్ట పుస్తకములో గుడి ముందే రైలు ఆగునని ఉండెను.

“గక్కడికి రైలెప్పుడొచ్చింది, నాకు చెప్పకుంట?” అని దానిని ప్రక్కన పెట్టినది.

రెండవదానిలో మెట్లు నిటారనియు, కోతులు సంచులు గుంజుకొనుననియు ఉండెను. అత్త నవ్వినది.

“వీని సంచి గుంజినయ్. పోయి చూసినోడే రాసిండు. ఇగ నేపాళం సదువు.”

కనుమదారి కఠినమనియు, మోకాళ్ళ నొప్పులవారు తోడు లేక పోరాదనియు, పశుపతినాథుని గుడి వద్దను కోతులు గలవనియు చదివితిని.

మామయ్య ఊపిరి పీల్చుకొనెను. “పోవద్దన్నది గద. ఇంట్లనే ఉండు.”

“పోవద్దనలే. తోడు లేకుంట పోవద్దన్నది. నువ్వున్నవు గద. గక్కడ గూడ కోతులుంటయట, సంచి జర గట్టిగ పట్టుకో.”

ఆ సంవత్సరమే మాఘ బహుళ చతుర్దశి నాడు, మామయ్య భుజముపై చేయి వేసి, ఆమె పశుపతినాథుని దర్శించినది.