కుండ కింద మనిషి

ఎండలు ముదిరాయని మొన్న మా ఆయన రోడ్డు పక్కన ఒక కొత్త కుండ కొని తెచ్చాడు. కడిగి, నీళ్ళు పోసి, వంటింటి గుమ్మం పక్కన ఇసుక పోసి దాని మీద కూర్చోబెట్టి, మూతి దగ్గరికి వంగి గట్టిగా ఊపిరి పీల్చి, "ఆహా, ఏం వాసన!" అన్నాడు. తడిసిన మట్టి వాసన లోకంలో అందరికీ ఇష్టమే కాబోలు. నాకు మాత్రం ఆ వాసన తగిలితే ఒళ్ళు మండుతుంది. ఇన్నేళ్ళ కాపురంలో కారణం ఆయనకు చెప్పలేదు. చెప్పాలంటే మా నాన్న గురించి చెప్పాలి, ఆయన ఫోటోకు హాల్లో దండ వేలాడుతోంది.

మాది కృష్ణా జిల్లా నుంచి వలస వచ్చిన కుటుంబం. చవగ్గా భూమి దొరుకుతోందని మా తాత పాల్వంచ దాటి, భద్రాచలం దారిలో, అడవి అంచున ఉన్న చిన్న ఊళ్ళో దిగి మిరప వేశాడు. ఆ భూమిని అంతకు ముందు ఎవరు దున్నుకున్నారో మా ఇంట్లో ఎవరూ అడగగా నేను వినలేదు. ఎనభైల మొదట్లో నేను తొక్కుడుబిళ్ళ ఆడే వయసు పిల్లను. దీపావళి వెళ్ళగానే చలి దిగేది, పొద్దున్నే తలుపు తీస్తే పొలాల మీది పొగమంచూ, వాకిట్లో కాగులకింద మండే తుమ్మ మొద్దుల పొగా కలిసిపోయి ఏది ఏదో తెలిసేది కాదు, కుంపటి దగ్గర జొన్నరొట్టె కాలుతూ ఉంటే పండుమిరప పచ్చడి నూరే అమ్మకు తుమ్ములు ఆగేవి కావు, రేగుచెట్ల కింద పుల్లటి కాయలేరుకుని ఉప్పు అద్దుకు తిని మా నాలుకలు పగిలిపోయేవి. సరిగ్గా ఆ రోజుల్లోనే అడవి లోపలి చెరువు మీదికి బాతులు దిగేవి. చెట్టు తొర్రల్లో గూళ్ళు పెట్టి, ఎగిరేటప్పుడు ఈల వేసే గోధుమరంగు బాతులు. వాటి ఈల ఊరికి వినబడగానే మా బాబాయి గోడమీది జంటగొట్టాల తుపాకీ దించి నూనె పెట్టేవాడు. నాన్న ముత్తయ్యకు కబురు పంపేవాడు.

ముత్తయ్య కోయాయన. చెరువుకు దారి చూపించేదీ, బాతుల్ని అందించేదీ ఆయనే. ఆయన పద్ధతి నేను ఇంకెక్కడా చూడలేదు. వేటకు ఎన్నో రోజుల ముందు నుంచీ ఊళ్ళో పగుళ్ళిచ్చిన పాత కుండలన్నీ పోగు చేయించేవాడు. ఆయన కూతురు సీతమ్మా నేనూ ఇంటింటికీ తిరిగి, మసి అంటిన చట్టీలూ మూతి విరిగిన కడవలూ నెత్తిన పెట్టుకుని మోసుకొచ్చేవాళ్ళం. వాటికి నీళ్ళలో తేలే జీలుగు బెండ్లు కట్టి, నీళ్ళ మీద బోర్లించి వదిలేవాడు. మొదట బాతులు బెదిరి దూరం జరిగేవి. రోజులు గడిచేకొద్దీ కుండలు వాటికి రాళ్ళతో సమానమైపోయి, వాటి పక్కనే మునకలేసేవి, వాటి మీదెక్కి రెక్కలారబెట్టుకునేవి. అప్పుడు ముత్తయ్య కళ్ళ దగ్గర రెండు రంధ్రాలు పెట్టిన కొత్త కుండను తడిపి, తలమీద బోర్లించుకుని, మెడదాకా నీళ్ళలో దిగి, మిగతా కుండలతో పాటు మెల్లగా తేలుతున్నట్టే వెళ్ళి, నీళ్ళ కింద నుంచి బాతు కాళ్ళు పట్టి లాగేవాడు. పక్కనున్న బాతుకు కూడా తెలిసేది కాదు.

ఒకసారి నన్నూ ఆ కుండ పెట్టుకోనిచ్చాడు. లోపల తడిమట్టి వాసన, ఆయన బీడీ వాసన, నా ఊపిరే నాకు పెద్దగా వినబడడం.

"ఏం కనబడ్తంది బిడ్డా?" అన్నాడు బయటినుంచి.

"చీకటి."

"కండ్లు బొక్కల కాడ పెట్టు. గట్ల. ఇగ నువ్వు కుండవైనవు. నిన్ను చూసి ఏ బాతూ భయపడది."

తుపాకులవాళ్ళకు ఆయన పెట్టిన నియమం ఒక్కటే. తన పని అయ్యాక అవతలి గట్టు ఎక్కి చెయ్యి ఎత్తుతాడు. అప్పుడు లేచిన మందను ఎంతైనా కాల్చుకోవచ్చు. అంతకు ముందు తుపాకీ ఎత్తకూడదు. ప్రతి ఏడూ ఆ మాట చెప్పేవాడు, ప్రతి ఏడూ మావాళ్ళు తలూపేవాళ్ళు.

ఆ ఏడు బాబాయి అత్తవారి వైపు చుట్టాలు జీపులో దిగారు. ఇస్త్రీ ప్యాంట్లూ, నల్ల కళ్ళద్దాలూ, ఫ్లాస్కులో కాఫీ. ఏడ్చి గోల చేసి నేనూ జీపెక్కాను. చెరువు మీద మంచు ఇంకా విడలేదు. ముత్తయ్య కుండ తడుపుతూ మళ్ళీ చెప్పాడు: "నేను చెయ్యి లేపేదాంక తుపాకి ముట్టొద్దు దొరా."

"సరేలేవయ్యా, కొత్తా మాకు?" అన్నాడు బాబాయి.

ముత్తయ్య నీళ్ళలో దిగి కుండల్లో కలిసిపోయాడు. ఏది ఆయన కుండో ఎంత చూసినా పోల్చుకోలేకపోయాను. కాసేపటికి చుట్టాల్లో ఒకాయన, "ఏం బావా, బాతుల్ని చూడ్డానికేనా పిలిచింది? తుపాకీ అలంకారానికా?" అని నవ్వాడు. అంతే. ఆ ఒక్క వెటకారానికి మా బాబాయి పౌరుషం పొంగుకొచ్చింది. బాతులు గుంపుగా కూర్చున్నది కుండల మధ్యనే. గురి పెట్టి రెండు గొట్టాలూ పేల్చేశాడు.

ఈలలు వేస్తూ మంద లేచింది. కుండలు పగిలి, పెంకులు పెంకులై మునిగాయి. ఒక కుండ మాత్రం నీళ్ళలోంచి లేచి నిలబడింది. సగం విరిగిపోయి ఉంది. దాని కింద ముత్తయ్య ముఖమంతా నెత్తురు.

ఆయన్ను గట్టుకు లాగాక మా నాన్న నోట వచ్చిన మొదటి మాట నాకు ఈనాటికీ చెవిలో ఉంది. "తుపాకీ జీపులో పెట్టండి, జల్దీ." కన్ను ఏమైందని కాదు. నొప్పిగా ఉందా అని కాదు. తుపాకీ!

ఖమ్మం తీసుకెళ్తే కన్ను దక్కేదేమో, నాకు తెలియదు. తీసుకెళ్ళలేదు. పెద్ద దవాఖానాలో తుపాకీ మాట బయటికొస్తుందని, నాన్నకు తెలిసిన ఆరెంపీ డాక్టరును ఇంటికి పిలిపించి, పశువుల కొట్టంలో మంచం వేసి, చిమ్టాతో తూటా రవ్వలు తీయించారు. నాన్న మంచం పట్టె మీద కూర్చుని ఎంతో మెల్లగా, ఎంతో ప్రేమగా చెప్పాడు: "ఎవరడిగినా రేగు కంపలో పడ్డానని చెప్పు ముత్తయ్యా. వేట సంగతి ఫారెస్టువాళ్ళకు తెలిస్తే ముందు నిన్నే పట్టుకుంటారు. దారి చూపించింది నువ్వే కదా." ముత్తయ్య రెండో కంటితో ఆయన వంక చూసి, "అవ్ దొరా," అన్నాడు.

ఆ మధ్యాహ్నం మా ఇంట్లో బాతుకూర వండారు. చుట్టాలు వచ్చారాయె, మరి వండకపోతే ఎలా! మసాలా వాసన కొట్టం దాకా వెళ్ళింది. అమ్మ ఒక గిన్నెడు కూర ముత్తయ్య ఇంటికి పంపింది. కంటికి బదులు గిన్నెడు కూర. మూత కూడా తియ్యకుండా ఆ గిన్నె సాయంత్రానికి తిరిగొచ్చింది. "ఎంత పొగరో చూడు," అంది మా నాయనమ్మ.

ఎడమ కన్ను పోయింది. బుగ్గ నిండా మశూచి మచ్చల్లాంటి గుంటలు మిగిలాయి. ముత్తయ్య మళ్ళీ నీళ్ళలో దిగలేదు. సంతలో ఎవరడిగినా ముల్లు గుచ్చుకుందనేవాడు. మా ఇంట్లో మాత్రం అదొక నవ్వుల కథ అయి కూర్చుంది. బాతులనుకుని కుండల్ని కొట్టిన బాబాయి గురి మీద పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాల్లో అందరూ పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు, అందరికంటే ఎక్కువగా బాబాయే నవ్వేవాడు. ఆ కథలో మనిషి లేడు. ఎంత చక్కగా మనిషిని తీసేశారో!

కుండ కొన్న వారమే బాబాయి ఇంట్లో భోజనాలకు వెళ్ళాం. అదే కథ మళ్ళీ మొదలైంది. "అన్నీ పగిలాయా, ఒక కుండ మాత్రం లేచి నిలబడిందిరా!" అన్నాడు. మనవరాలు అడిగింది, "కుండ ఎలా నిలబడుతుంది తాతా? లోపల ఎవరున్నారు?"

"ఎవడో అడివోడు," అన్నాడు బాబాయి. పెరుగన్నం సగంలో వదిలేసి లేచాను. మర్నాడు మా పాత ఊరికి బస్సెక్కాను.

ఆ ఊరు నాకు గుర్తు పట్టలేనంతగా మారింది. మా మిరప చేలు ఎప్పుడో చేతులు మారాయి. చెరువు దగ్గరికి వెళ్తే నీళ్ళు లేవు, వరసలు వరసలుగా జామాయిల్ చెట్లు. తొర్రలుపడే పాత మానులు ఒక్కటీ లేవు, ఈల వేసే పిట్ట లేదు. జామాయిల్ ఆకు ఘాటు తప్ప ఏ వాసనా లేదు. ముత్తయ్య చనిపోయి చాలా ఏళ్ళయిందట. సీతమ్మ ఉంది, జుట్టంతా నెరిసింది. నన్ను చూసి నవ్వి, అరుగు మీద గోనెపట్టా పరిచింది. మంచినీళ్ళు ఇచ్చింది. తాగకుండానే చెప్పేశాను.

"సీతా, మీ నాయన కంట్లో దిగింది ముల్లు కాదు. మా బాబాయి తుపాకీ."

ఆమె ఆశ్చర్యపోలేదు. కొంగుతో అరుగు అంచు తుడుస్తూ కూర్చుంది.

"ఎరికే. ముల్లు గుచ్చుకుంటే బుగ్గ మీద గన్ని గుంటలు పడ్తయా?" అంది. "మా నాయన మాకెన్నడూ చెప్పలే. ఎందుకు చెప్పవే అని ఒక్కసారి అడిగిన. గది చెప్పాల్సింది నేను కాదు బిడ్డా, వాళ్ళు, అన్నడు. మీ ఇంట్లకెల్లి ఎవరన్న వస్తరేమోనని సచ్చేదాంక తొవ్వ చూసిండు."

మా నాన్న వెళ్ళలేదు. అలా వెళ్ళకుండానే పోయాడు, ఊరంతా మంచివాడు అనుకుంది. బాబాయి బతికే ఉన్నాడు. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.