వంటవాళ్లను వెతికితే నేనొచ్చాను!

మా కుందలహళ్ళి తెలుగు సంఘం వెబ్‌సైటులో ఏదీ చప్పున దొరికేది కాదు. అందుకని కొత్తగా సెర్చ్ పెట్టించారు. టైపింగ్ వచ్చని, ఉగాది సభలో దాన్ని అందరికీ చూపించే పని నాకిచ్చారు.

"వంటవాళ్లను వెతకమ్మా, ఇంట్లో సీమంతం ఉండాది" అందొక పెద్దమ్మ.

'వంట' అని కొట్టాను. పెద్ద తెర మీద నా ఫొటో! పెళ్లి సంబంధాల పేజీలో నాన్న నాకు చెప్పకుండా 'అమ్మాయికి వంట బాగా వచ్చు' అని రాయించాడట.

"యాభై మందికి చేస్తావామ్మా?" అంది పెద్దమ్మ.

హాలంతా నవ్వులు. కంగారులో మైకులోనే "అయ్యో, నాకు టీ పెట్టడం కూడా రాదండీ!" అనేశాను.

"ఇంక సంబంధం వచ్చినట్టే" అని నాన్న తల పట్టుకున్నాడు.

"నాకొచ్చండీ వంట!" అని వెనక నుంచి ఒకతను అరిచాడు. చూస్తే, ఆ సెర్చ్ తయారుచేసిన అబ్బాయే.

ఈరోజు పొద్దున ఉప్మా కూడా ఆయనే చేశాడు. ఆ సెర్చ్ సరిగ్గా పనిచేయలేదని ఎవరన్నా నేను మాత్రం ఒప్పుకోను.