దండ లేని పటం

మొన్న ఆదివారం మా అమ్మాయి తన ఆఫీసులో పనిచేసే ఒక ఇటలీ అబ్బాయిని భోజనానికి వెంటబెట్టుకొచ్చింది. హైటెక్ సిటీలో ఏదో పని మీద కొన్నాళ్ళుండడానికి వచ్చాడట, ఇంటి తిండికి మొహం వాచిపోయి ఉన్నాడని జాలిపడి పిలిచిందట. నార్సింగిలోని మా ఫ్లాటు హాల్లో గోడకి రెండు పటాలుంటాయి. ఒకటి మా నాన్నది, దాని పక్కన ఉన్నది బక్కపలచని, ఎప్పుడూ ఏదో ఆలోచనలో ఉన్నట్టుండే ఒక తెల్లాయనది. ఆ తెల్లాయన పటానికి గంధపుచెక్కల దండ ఉంది, మా నాన్న పటానికి లేదు. వచ్చినవాడు బూట్లు విప్పి లోపలికి రాగానే తెల్లాయన ముందు ఆగిపోయాడు. మా ఊళ్ళో ఒక వీధికి ఈయన పేరే, నా కారు రోజూ అక్కడే పెడతాను అన్నాడు. అంతకు మించి అతనికి ఏమీ తెలియదని అర్థమై నా ప్రాణం ఉసూరుమంది. తర్వాత మా నాన్న పటం వైపు తిరిగాడు. మన దగ్గర పోయినవాళ్ళ పటాలకే దండ వేస్తారని ఆఫీసులో ఎవరో చెప్పినట్టున్నారు, ఎంతో మర్యాదగా, ఈ పెద్దాయన ఇంట్లోనే ఉన్నారా, ఒకసారి నమస్కారం చెప్పుకోవచ్చా అని మా అమ్మాయిని అడిగాడు, అది మాకు తెలుగులో చెప్పింది.

మా నాన్న పోయి ముప్పై ఏళ్ళు కావస్తోంది. నేను నోరు తెరిచేలోపే, ఆ పటం కిందే కుర్చీలో కూర్చుని ఉన్న మా బాబాయి, అంటే మా నాన్న తమ్ముడు, జవాబు చెప్పాడు. ఆ జవాబేమిటో చెప్పే ముందు మీకు ఆ తెల్లాయన కథ, మా నాన్న కథ చెప్పాలి. రెండూ పెనవేసుకుపోయాయి, విడదీయడం నా వల్ల కాదు.

ఆ ఇటలీ నాయకుడి పేరు ఇక్కడ రాయను. రాస్తే ఈ కాలం పిల్లలు ఫోనులో వెతికి, నాలుగు ముక్కలు చదివి, అంతా తెలిసిపోయిందనుకుంటారు. ఎర్రజెండా ఇళ్ళల్లో పెరిగిన మన ఈడు వాళ్ళకి పేరు చెప్పనక్కర్లేదు. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి వచ్చి బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరి, యూనియన్ కార్యదర్శి అయ్యాడు. ఆదివారం సాయంత్రాలు మా వరండాలో చాప పరిచి పదిమంది కార్మికుల్ని కూర్చోబెట్టుకుని రాజకీయ పాఠం చెప్పేవాడు. పాఠమని పేరేగానీ అది భారతంలో పర్వాల్లాగా సాగేది. కుర్రతనంలో రొట్టెల కోసం తిరగబడ్డ జనం పక్కన నిలబడి ఆ నాయకుడు జైలుకెళ్ళిన పర్వం ఒక వారం, నలుగురిలో మాట్లాడాలంటే సిగ్గుపడే మనిషి అంత పెద్ద పార్టీకి పెద్దదిక్కైన పర్వం ఇంకో వారం. అమ్మ గడపలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వినేది. ఇటలీ తూర్పున ఉందో పడమర ఉందో ఆవిడకి తెలియదు గానీ, ఆ మనిషి ఎప్పుడు ఏ కష్టంలో పడ్డాడో మాత్రం నాన్న కంటే ముందే చెప్పేసేది.

ఆ కథలో నాన్నకి ప్రాణమైన ఘట్టాలు రెండు. ఏళ్ళ తరబడి తనని తిట్టిపోసిన పార్టీకే ఆ నాయకుడు చెయ్యి చాచాడట. మనిద్దరం ఇలా కొట్టుకుంటూ కూర్చుంటే మధ్యలో పాత నియంత సంతానం మళ్ళీ లేస్తుంది, దేశాన్ని కలిసి మోద్దాం రమ్మన్నాడట. అమ్ముడుపోయాడని సొంత మనుషులే అన్నారట, ఆ పొత్తూ ఎంతోకాలం నిలవలేదట. రెండోది ఆయన చావు. వేదిక మీద మాట్లాడుతూ మాట్లాడుతూనే ఒళ్ళు తూలిపోయిందట, కింద నుంచి జనం ఇక చాలు, ఆపు, ఆపు అని బతిమాలుతున్నా మాట పూర్తి చేసే దిగాడట. ఆ తర్వాత కొన్ని రోజులకే పోయాడు. ఊరంతా కదిలొచ్చిన ఆ జనంలో, బతికున్నన్నాళ్ళూ ఆయనకి బద్ధశత్రువుగా ఉన్న నాయకుడు, ఆ నియంత వారసత్వం మోసినవాడే, ఒంటరిగా వచ్చి నిలబడ్డాడట. ఎవరూ పల్లెత్తు మాట అనకుండా దారి ఇచ్చారట, అతను శవం ముందు తల వంచి వెళ్ళాడట. ఇది చెప్పిన ప్రతిసారీ నాన్న, శత్రువు తలవంచి వస్తే దారివ్వడమే రాజకీయం అంటే, మిగతాదంతా అరుపులు అనేవాడు. అందులో నిజమెంతో, నాన్న అల్లినదెంతో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ గంధపు దండ నాన్న స్వయంగా తెచ్చి వేసిందే. ఆ నాయకుడు పోయిన కబురు తెలిసిన రోజు నాన్న అన్నం ముట్టకపోతే, మనకేమన్నా మైలాండీ అని అమ్మ అమాయకంగా అడిగింది, నాన్న ఏడుపులోనే నవ్వేశాడు.

ఇక బాబాయి సంగతి. తాతా నాయనమ్మా తొందరగా పోవడంతో ఆయన్ని మా అమ్మే పెంచింది, నా కంటే ముందు ఆవిడ చేతి ముద్దలు తిన్నది ఆయనే. నాన్న ఫ్యాక్టరీలోనే పని, మా ఇంట్లోనే మకాం, వరండా చాప మీద మొదటి వరసలో కూర్చునే శ్రోత కూడా ఆయనే. నేను బడిలో టీచరుగా చేరిన కొత్తల్లో, ఫ్యాక్టరీ మూసేస్తారని పుకార్లు మొదలయ్యాయి. అక్కడ రెండు యూనియన్లు ఉండేవి, ఉప్పూ నిప్పూ. నాన్న ఎవరికీ చెప్పకుండా ఇరానీ హోటల్లో ఆ రెండో యూనియన్ కార్యదర్శితో కూర్చుని చాయ్ తాగాడు. ఇద్దరూ కలిసి యాజమాన్యం దగ్గరికి వెళ్ళి, కొంతకాలం సమ్మె మాట ఎత్తబోము, బదులుగా ఒక్క మనిషిని కూడా తీసెయ్యకూడదు అని ఒప్పందం చేసుకొచ్చారు. ఎవరిని చూసి నాన్న ఆ పని చేశాడో వేరే చెప్పాలా.

కాలనీ భగ్గుమంది. సమ్మె ఒక్కటే మా చేతిలో ఉన్న కర్ర, దాన్ని కూడా వాళ్ళ చేతికిచ్చి వచ్చావని గేటు దగ్గర నిలదీశారు. నాన్న చాప మీద కూర్చుని పాఠం విన్న కార్మికుడే ఒకాయన కళ్ళనీళ్ళు పెట్టుకుని, "అన్నా, నువ్వు గిట్ల చేస్తవనుకోలే. ఇగ మేం ఎవర్ని నమ్మాలె?" అన్నాడు. అన్నిటికంటే బాబాయి అన్న మాటే నాన్నకి ములుకులా దిగింది. "మీ ఇటలీ ఆయన చేసి ఏం సాధించాడు అన్నయ్యా, ఉన్న జెండా రంగు కూడా వెలిసిపోయింది కదా" అని, పెట్టె సర్దుకుని ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. తలుపు ధడాలుమని వేసిన చప్పుడుకి గూట్లో గ్లాసులు కదిలాయి.

ఆ వారంలోనే శవయాత్ర తీశారు. దిష్టిబొమ్మల శవయాత్రలు మన కాలంలో మామూలే, మంత్రులకి చేసేవాళ్ళు, యజమానులకి చేసేవాళ్ళు, మా నాన్నే ఎన్నో చేయించాడు. కానీ ఈసారి పచ్చి వెదురు పాడె మీద పడుకోబెట్టిన గడ్డిబొమ్మ మా నాన్న. డప్పుల మోతకి మేం ముగ్గురం వరండాలోకి వచ్చాం. పాడె ముందు ఉట్టిలో నిప్పుకుండ పట్టుకుని నడుస్తున్నది మా బాబాయి. ఎవరు పట్టాలో వాళ్ళే పట్టారని జనంలో ఎవరో నవ్వారు. అవును మరి, మా నాన్నకి మగపిల్లలు లేరు, నేనొక్కదాన్నే, రేపెప్పుడో నిజంగా ఆ కుండ పట్టాల్సింది ఆ తమ్ముడే. నాన్న స్తంభానికి ఆనుకుని చూసి చూసి, ఫిట్టరు బుద్ధి పోనిచ్చుకోకుండా, "పాడె వంకరగా కట్టార్రా, వెనకవాళ్ళ భుజాలు పడిపోతాయి" అన్నాడు. నేను నవ్వబోయి అమ్మ మొహం చూసి ఆగిపోయాను. ఆవిడ బొమ్మకి తొడిగిన చొక్కానే చూస్తోంది. జేబు దగ్గర వేరే రంగు దారంతో తాను కుట్టిన కుట్టు అది. దండెం మీద చొక్కా రెండు రోజులుగా కనిపించక ఆవిడ ఇల్లంతా వెతికింది.

కూడలిలో ఆ చొక్కాతో సహా బొమ్మ తగలబడింది. ఆ కమురు వాసన మా ఇంట్లోకి వచ్చింది. అమ్మ లోపలికి వెళ్ళి మొహానికి పసుపు రాసుకుని, రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టుకుని వచ్చి కూర్చుంది. ఆ రోజు నుంచి నాన్న పోయేదాకా ఆ బొట్టు చిన్నది కాలేదు. ఆ తర్వాత నాన్న బాగానే ఉన్నాడు, డ్యూటీకి వెళ్ళాడు, నవ్వాడు, ఫ్యాక్టరీ కూడా కొన్నాళ్ళు నడిచి ఆ తర్వాతే మూతపడింది. కానీ నిజం చెబుతున్నాను, ఇంట్లో ఏదో మారిపోయింది. నాన్న వీధిలోంచి వస్తుంటే అమ్మ ఉలిక్కిపడి నీడ పడుతోందా లేదా అని చూసేది. అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ ఆయన చెయ్యి ముట్టుకుని వెచ్చగా ఉందో లేదో చూసేది. వరండాలో చాప మళ్ళీ పరవలేదు. బాబాయి ఎదురైతే నాన్న పలకరించబోయేవాడు, ఆయన రోడ్డు దాటేసేవాడు. ఏడేళ్ళో ఎనిమిదేళ్ళో అలాగే గడిచిపోయాయి, నాకు పెళ్ళయింది, మా అమ్మాయి పుట్టింది, ఆ ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు.

నాన్న ఒక ఉదయం చాయ్ తాగుతూ తాగుతూ గోడకి ఒరిగిపోయాడు. కబురు అందరికంటే ముందు ఆ రెండో యూనియన్ కార్యదర్శికి చేరింది. ఆయన తల వంచుకుని వస్తే మా వాళ్ళంతా పక్కకి తప్పుకుని దారిచ్చారు, అమ్మ కుర్చీ వేయించింది. కాసేపటికి బాబాయి వచ్చాడు. బావి దగ్గర తలారా నీళ్ళు పోసుకుని, తడిబట్టలతో, కుండ పట్టడానికి సిద్ధపడే వచ్చాడు. నాన్న ఈ తంతులేవీ వద్దనేవాడే, కానీ పదిమంది మాట మీద కుండ తయారైంది. అమ్మ లేచి గేటు దగ్గరికి వెళ్ళి అడ్డంగా నిలబడింది. అరవలేదు, ఏడవలేదు. "ఆ పని నువ్వు ఎప్పుడో చేసేశావు కదా నాయనా. ఒక మనిషికి రెండుసార్లు చేస్తారా?" అంది. నేను వెనక నుంచి ఆవిడ భుజం పట్టుకుని, అమ్మా, నాన్న చెప్పే ఆ ఇటలీ సంగతి గుర్తు చేసుకో, శత్రువుకే దారిచ్చారు కదమ్మా అన్నాను. "ఇచ్చారేమోనే. వాళ్ళెవరూ దండెం మీది చొక్కా ఎత్తుకెళ్ళి బొమ్మకి తొడగలేదుగా" అంది.

కుండ నేనే పట్టాను. బాబాయి అందరికీ వెనకాల, చాలా దూరంలో, అవే తడిబట్టలతో శ్మశానం దాకా నడిచొచ్చాడు. పటం కట్టించాక దండ తెస్తే అమ్మ వెయ్యనివ్వలేదు. ఆయనకి చెయ్యాల్సిందంతా బతికుండగానే చేశారు, నేనింక చెయ్యను అంది. అంటే పోయినట్టు ఆవిడ లెక్కలో పడనేలేదో, లేక ఎప్పుడో పోయాడనుకుందో, అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

అమ్మ పోయాక నేనే హఫీజ్‌పేట్ వెళ్ళి బాబాయిని తీసుకొచ్చాను. తన కొడుకు ఇంట్లో ఒక మూల గదిలో ఉంటున్నాడు. మా గడప దగ్గర ఆగిపోయి, "వదిన ఏమంటుందో" అన్నాడు. లేదని తెలిసీ అన్నాడు. అప్పటి నుంచి ఆదివారాలు వస్తాడు. ఎన్ని కుర్చీలున్నా నాన్న పటం కిందే, దానికి వీపు పెట్టి కూర్చుంటాడు. కుడి అరచెయ్యి తెరుస్తాడు, మూస్తాడు, తెరుస్తాడు. డాక్టర్లు నరాల బలహీనత అన్నారు. ఆ కుండ సెగ ఇంకా తగులుతోందే అమ్మాయ్ అని నాతో ఒకసారి అన్నాడు. నేనూ పట్టినదాన్నే కాబట్టి కాదనలేకపోయాను.

ఇదీ కథ. మొన్న ఆ ఇటలీ అబ్బాయి, పెద్దాయన ఇంట్లోనే ఉన్నారా అని అడిగినప్పుడు బాబాయి తల ఎత్తి మా అమ్మాయితో, "ఉన్నాడని చెప్పమ్మా. నాతోనే మాట్లాడడం లేదని చెప్పు" అన్నాడు. అది ఏమనుకుందో ఏమో, ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పేసింది. అతను నవ్వలేదు. పటం ముందు నిలబడి, రాని నమస్కారం ఒకటి పెట్టి, కింద కూర్చున్న ముసలాయన్ని చూసి, ఆయన కూడా లేచి వస్తాడనుకున్నాడో ఏమో, మెల్లిగా పక్కకి తప్పుకుని దారి ఇచ్చాడు. బాబాయి లేవలేదు, అరచెయ్యి చూసుకుంటూ కూర్చున్నాడు. పప్పు చల్లారిపోతోంది, లేవండి అని నేనే అన్నాను.

మా అమ్మాయి ఆఫీసులో పోయినేడు ఒక పొద్దున చాలామందిని తీసేశారు. గేటు దగ్గర ఎవరూ గుమికూడలేదు, ఎవరి బొమ్మా కాలలేదు, చెయ్యి చాచి రాజీ పడదామన్నా ఎదుట మనిషి లేడు, మెయిలు వచ్చిందట, అంతే. ఉద్యోగం పోయిన పక్క సీటు పిల్లతో లిఫ్టులో కూడా మాట్లాడలేకపోయానమ్మా అని మా అమ్మాయి ఏడ్చింది. మన రోజులే గొప్పవని నేననను, మన రోజులు ఏం చేశాయో చెప్పాను కదా. కానీ మాకు కోపం వస్తే తలుపు ధడాలుమనేది, అవతల మనిషి ఉన్నాడని తెలిసేది.

సాయంత్రం క్యాబు వచ్చిందని బాబాయి లేచాడు. ప్రతివారంలాగే గడప దగ్గర ఆగి, పటం వైపు తిరగకుండానే, "వెళ్ళొస్తా అన్నయ్యా" అన్నాడు. డ్యూటీకి వెళ్తూ అలా చెబితే నాన్న లోపలి నుంచి మంచిదిరా అనేవాడు, అది వినేదాకా ఈయన మెట్టు దిగేవాడు కాదు. ఇప్పటికీ ఆగుతాడు. కింద క్యాబువాడు హారను కొడుతున్నాడు, మా అమ్మాయి పద తాతయ్యా అంటోంది. బాబాయి చెప్పులేసుకుని నిలబడే ఉన్నాడు.