పుర్రెల అంగీ అభిమాని

మహబూబ్‌నగర్ ఫంక్షన్ హాల్లో కొత్త పాట సగంలో ఉండగానే, ముందు వరుసలోని అభిమాని నీళ్ల సీసా తెరిచి నెత్తిన పోసుకున్నాడు. వెనకున్నవాళ్లూ అదే చేశారు.

"ఏమైంది తమ్మీ?" పాట ఆపి అడిగింది గాయని.

"చావింటి ఏడుపు విన్నం గదక్కా. తానం జెయ్యకుంట ఇంట్లకెట్ల పోతం?"

హాలంతా నవ్వింది.

ఆమె పాడే గోథిక్ మెటల్ బ్యాండ్‌కు అతడే తొలి అభిమాని. విలేకరిగా నేను వెళ్లిన ప్రతి కచేరీలోనూ కనిపించేవాడు. పుర్రెల బొమ్మలున్న నల్ల అంగీ, కళ్లకు కాటుక. సమాధుల మీద కట్టిన పాటలకు ఊగిపోతూ "మన బ్యాండ్" అనేవాడు, తనే పెట్టినట్టు. ఆమె గొంతు చించుకుని అరవడమే అతనికి కావాలి. అరిచి అరిచి ఆమె గొంతు దెబ్బతింది. ఇంకా అరిస్తే మాటే పోతుందని దవాఖానలో చెప్పారు. అందుకే గిటార్ల హోరు తగ్గించి, కోస్గిలో వాళ్ల అవ్వ శవం పక్కన ఆడవాళ్లు రాగం తీసి ఏడ్చిన ఏడుపునే ఈ కొత్త పాటగా కట్టింది. ఆ బ్యాండ్ పాటల్లో నన్ను భయపెట్టింది అదొక్కటే.

నవ్వులు ఆగాక ఆమె అంది: "నీ అంగీ మీది పుర్రెలకు గూడ తానం పొయ్యి తమ్మీ. అవి గూడ విన్నయి."

అతడు సిగ్గుపడలేదు. మిగిలిన నీళ్లు వేదిక మీదికి చల్లి, "పాత పాట అరువక్కా, అరువు" అన్నాడు. ఆమె గొంతు సంగతి అతనికి తెలుసు. ఆ ముఖం తలచుకుంటే నాకిప్పటికీ రోత పుడుతుంది.

ఆమె అరవలేదు, మైకు పెట్టేసి వెళ్లిపోయింది. ఆ ఏడుపు పాట రికార్డింగ్ పూర్తయింది. విడుదల చేయాలా వద్దా అన్నది బ్యాండ్ ఇంకా తేల్చుకోలేదు.